దేహానికీ హక్కుంది

ఆరోగ్యం, తీరిక అనే రెండు అనుగ్రహాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. జేబులోంచి డబ్బు పోతే వెంటనే తెలుస్తుంది. ఈ రెండూ చేజారుతున్న సంగతి మాత్రం పూర్తిగా పోయేదాకా తెలియదు.

మన పరిస్థితి

సూర్యాపేట, కోదాడ పట్టణాలు హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. ఆ రోడ్డును నమ్ముకున్న హోటళ్ళు, పంక్చర్ షాపులు, మెకానిక్ షెడ్లకు రాత్రి కూడా పగలే. మిర్యాలగూడలో వరి కోతలు మొదలైతే రైస్ మిల్లుల వద్ద ఎవరికీ తీరికుండదు. హలాల్ సంపాదన కోసం శ్రమించడం పుణ్యకార్యమే. కాని ఇంటికి చేరాక మిగిలిన కాస్త సమయాన్ని సెల్‌ఫోన్ మింగేస్తోంది. అర్ధరాత్రి దాకా దాన్ని చూసినవాడు ఫజ్ర్‌కు ఎలా లేస్తాడు? ఇక అందరికీ వడ్డించి, చివర్లో నడుం వాల్చే ఇల్లాలికి తీరిక ఎవరిస్తారు?

సల్మాన్ (రజి) చెప్పిన మాట

హజ్రత్ అబూ దర్దా (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుతో గడిపేవారు. ఆయన ఇంటికి వచ్చిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) ఆయన సతీమణి నిరాదరణకు గురవుతున్నట్లు గ్రహించారు. ఆయన చేత నఫిల్ ఉపవాసం విరమింపజేసి భోజనం చేయించారు. రాత్రి నమాజుకు లేవబోతే నిద్రపొమ్మన్నారు. రాత్రి చివరి భాగంలో లేపగా ఇద్దరూ నమాజు చేశారు. ప్రభువుకు, దేహానికి, ఇల్లాలికి మీపై హక్కులున్నాయి, ఎవరి హక్కు వారికివ్వండి అని బోధించారు. ఇది విన్న దైవప్రవక్త (స) సల్మాన్ మాట నిజమన్నారు.

ఆలోచించండి! ఆరాధన కోసమైనా దేహం హక్కును కాలరాయకూడదంటే, కాలక్షేపం కోసం కాలరాయడం ఎలా సబబు?

మనం చేయగలిగినవి

1. నిద్ర: దైవప్రవక్త (స) ఇషా తర్వాత కబుర్లను ఇష్టపడేవారు కాదు. నిద్రను విశ్రాంతిగా చేశామని అల్లాహ్ నబా సూరాలో తెలిపాడు. రాత్రి పని ఉన్నవారు మధ్యాహ్నం ఖైలూలా చేయాలి.

2. నడక: దైవప్రవక్త (స) శనివారాల్లో ఖుబా మస్జిదుకు కొన్నిసార్లు నడిచి, కొన్నిసార్లు వాహనంపై వెళ్ళేవారు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. వీధి చివరి మస్జిదుకు బైకు తీయకుండా, కాస్త వేగంగా నడిచి వెళ్తే అందులో కొంత భాగం తీరుతుంది. పైగా ప్రతి అడుగుకూ పుణ్యం.

3. ఇంటి పని: దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో కుటుంబానికి సాయపడేవారని, నమాజు వేళ కాగానే వెళ్ళేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మనం గిన్నెలు కడిగితే ఇల్లాలికి ఖుర్ఆన్ చదివే తీరిక దొరుకుతుంది.

4. ఆటపాటలు: ఆయన (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం కూడా వేశారు. పిల్లలతో పావుగంట ఆడటం వృథా కాదు, వారి హక్కు.

5. జిక్ర్: ఫజ్ర్ తర్వాత ఫోన్ తెరవకముందే ఒక్క పేజీ ఖుర్ఆన్, కాస్త జిక్ర్. కొద్దిగానైనా నిత్యం చేసే పనే అల్లాహ్‌కు ప్రీతికరం.

వీటిలో డబ్బు ఖర్చయ్యేది ఒక్కటీ లేదు. ఈ రాత్రే ఇషా తర్వాత ఫోన్ పక్కన పెట్టి మొదలుపెడదాం. దేహం మనది కాదు, అల్లాహ్ అమానతు. దాన్ని ఎలా వాడామో రేపు ఆయన ముందు సమాధానం చెప్పుకోవాలి. మన సమయంలో అల్లాహ్ శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.