స్టూడియోకి వెళ్తే పక్క గది కూడా చూడండి

న్యూస్ చానల్ చూడ్డానికి వెళ్లిన కాలేజీ పిల్లలు ముందు యాంకర్ కుర్చీ దగ్గర సెల్ఫీలకు క్యూ కడతారు. తీసుకోండి, తప్పేం లేదు. అయితే ఆ కుర్చీ ఒక్కరికే. ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది న్యూస్‌రూమ్‌లోనూ, స్టూడియో పక్కనే ఉండే పీసీఆర్‌లోనూ. అదే ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్.

బులెటిన్ నడుస్తుండగా అక్కడ కాసేపు నిలబడనిమ్మని అడగండి. ఒకరు కెమెరాలు మార్చే స్విచ్చర్ మీద, ఒకరు ఆడియో దగ్గర, ఒకరు గ్రాఫిక్స్‌లో, ఒకరు ప్రాంప్టర్ జరుపుతూ కనిపిస్తారు. ఇంతలో ఏదో బ్రేకింగ్ వస్తుంది. ప్యానెల్ ప్రొడ్యూసర్ యాంకర్ చెవిలోకి మాట వెళ్లే టాక్‌బ్యాక్ నొక్కి, ‘నెక్స్ట్ స్టోరీ వదిలెయ్, ఫోనోకి వెళ్తున్నాం’ అంటాడు. యాంకర్ నోటితో ఒక వార్త చదువుతూనే చెవితో ఇది వింటుంది. ముఖంలో చిన్న తేడా కూడా రాదు. ఫోనో అంటే రిపోర్టర్‌తో ఫోన్‌లో లైవ్. రిపోర్టర్ లైన్లోకి వచ్చాక ఏం అడగాలో ప్రాంప్టర్‌లో ఉండదు. రోజూ పేపర్ చదవనివాళ్లు సరిగ్గా అక్కడే దొరికిపోతారు.

ప్రాంప్టర్ కూడా దగ్గర్నుంచి చూడండి. కెమెరా లెన్స్ ముందు ఏటవాలుగా ఒక అద్దం, కింద మానిటర్. అక్షరాలు అద్దంలో ప్రతిఫలిస్తాయి కాబట్టి యాంకర్ మన కళ్లలోకి చూస్తూ చెబుతున్నట్టే ఉంటుంది. దూరదర్శన్‌లో తొలి తెలుగు న్యూస్‌రీడర్ శాంతి స్వరూప్ 1983లో వార్తలు మొదలుపెట్టినప్పుడు ఈ సౌకర్యమే లేదు. కాగితం చూసుకుంటూ, తలెత్తి చెబుతూ ఏళ్ల తరబడి చదివారు.

ఇక రాత. ‘భారీ వర్షాల నేపథ్యంలో ఉధృతంగా ప్రవహిస్తున్న వాగును దాటే క్రమంలో ఆటో కొట్టుకుపోయి ముగ్గురు గల్లంతైన ఘటన చోటుచేసుకుంది’ అని పేపర్లో రాస్తే చెల్లుతుంది. యాంకర్‌కి మాత్రం మధ్యలోనే ఊపిరి అయిపోతుంది. టీవీకి ఇలా రాయాలి: ‘వాగులో ఆటో కొట్టుకుపోయింది. ముగ్గురు గల్లంతయ్యారు. రాత్రి నుంచి గాలిస్తున్నా ఆచూకీ లేదు.’ ‘నేపథ్యంలో’, ‘చోటుచేసుకుంది’ లేకపోయినా వార్తకు వచ్చిన లోటేం లేదు. రోజుకొక వార్త ఇలా మార్చి పైకి చదవండి. నా మాటకొస్తే, ఇంట్లో కూర్చుని చేసుకునే ఈ సాధన చాలా యాంకరింగ్ కోర్సుల కన్నా మేలు.

చదువు సంగతికొస్తే, ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచీ ఉంది. ఢిల్లీలోని జర్నలిజం సంస్థ ఐఐఎంసీ 1965లో మొదలైంది. కెమెరా, ఎడిటింగ్, సౌండ్ మీద మనసుంటే పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ) టెలివిజన్ విభాగం వైపు చూడండి. చాలా డెస్కుల్లో డిగ్రీ ఏదైనా పర్లేదు గానీ, తెలుగు తప్పుల్లేకుండా రాయడం, ఇంగ్లిష్ ఏజెన్సీ కాపీని చూసి అప్పటికప్పుడు తెలుగులో చెప్పగలగడం తప్పనిసరి. మూడు నెలల్లో యాంకర్‌ని చేస్తామని పెద్ద ఫీజు అడిగే చోట, అక్కడ చదివినవాళ్లు ఇప్పుడు ఏ చానల్లో పనిచేస్తున్నారో అడిగాకే డబ్బు కట్టండి.

విజిట్ అయ్యాక టీ తాగుతున్న డెస్క్ వాళ్లతో మాట కలపండి. నైట్ షిఫ్టులు నెలకెన్ని, జీతం ఏ తేదీకి పడుతుంది, ట్రైనీగా ఎన్నాళ్లు ఉంచుతారు, పండక్కి సెలవు దొరుకుతుందా? గైడెడ్ టూర్‌లో ఇవి ఎవరూ చెప్పరు. మండలాల నుంచి వార్తలు పంపే స్ట్రింగర్లలో చాలామందికి నెల జీతం ఉండదని కూడా అక్కడే తెలుస్తుంది.