పాత మెరీన్‌కు కొత్త పీఠం

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కేంద్రంగా నడిచే గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1987లో ‘వార్‌హామర్ 40,000’ అనే యుద్ధక్రీడను తెచ్చింది. బల్ల మీద గోడలు, గుట్టలు, శిథిలాలు పేర్చి, చేత్తో రంగులు వేసుకున్న సైనికుల బొమ్మలను నిలబెట్టి, టేపుతో దూరాలు కొలుస్తూ పాచికలు వేసి ఆడే ఆట ఇది. రాసినవారు రిక్ ప్రీస్ట్లీ. ఆ ఏడాదే ఆర్‌టీబీ01 అనే గుర్తుతో స్పేస్ మెరీన్లు అనే సైనికుల ముప్పై ప్లాస్టిక్ బొమ్మల పెట్టె ఒకటి వచ్చింది. శిరస్త్రాణం ముందువైపు పక్షి ముక్కులా (ఇంగ్లిష్‌లో ‘బీక్’) పొడుచుకు రావడంతో ఆటగాళ్లు ఆ బొమ్మలకు ‘బీకీలు’ అని పేరు పెట్టారు.

ముప్పై ఏళ్ల తర్వాత, 2017లో, అదే సంస్థ ప్రైమారిస్ మెరీన్లు అనే పెద్ద బొమ్మలను విడుదల చేసింది. పక్కపక్కన నిలబెడితే బీకీ తల కొత్తవాడి ఛాతీ దగ్గరే ఆగిపోతుంది. పాతవాటి కాళ్ల కింది గుండ్రటి పీఠం వ్యాసం 25 మిల్లీమీటర్లు, కొత్తవాటిది 32. అంతమాత్రాన పాతవాటిని అటకెక్కించనక్కర్లేదు. వాటిని నేటి ఆటలోకి దించడానికి నేను నమ్మే పద్ధతి ఒకటే: బొమ్మ జోలికి పోకుండా పీఠాన్ని మార్చడం. నడుము దగ్గర, తొడల దగ్గర కోసి, మధ్యలో ప్లాస్టిక్ ముక్కలు అతికించి ఎత్తు పెంచేవాళ్లున్నారు. వాళ్ల ఓపికకు దండం పెడతాను కానీ ఆ పని నేను చెయ్యను. బాబ్ నైస్మిత్, జెస్ గుడ్విన్ వంటి శిల్పులు ఆ పొట్టి కాళ్లకూ పెద్ద చేతులకూ బరువైన తుపాకికీ ఒక పొందిక కుదిర్చారు. కోస్తే అది పోతుంది, మళ్లీ రాదు.

అసలు పీఠం ఎందుకంత ముఖ్యం? ఆటలో దూరాలు కొలిచేది పీఠం అంచు నుంచి. 25కూ 32కూ వ్యాసంలో తేడా ఏడు మిల్లీమీటర్లే అయినా వైశాల్యంలో అరవై శాతం దాటుతుంది. పదిమందిని ఆనించి వరసగా నిలబెడితే పాత వరస 25 సెంటీమీటర్లు, కొత్త వరస 32. చేతికి చేయి తగిలే పోరులో చిన్న పీఠాలవాళ్లు ఎక్కువమంది శత్రువు ముందు కిక్కిరిసి నిలబడగలరు. అదే శత్రువును అడ్డుకోవడానికి పరుచుకుని నిలబడాల్సి వస్తే చిన్న పీఠం తక్కువ నేలను కాపాడుతుంది. లాభమూ నష్టమూ రెండూ ఉన్నాయి. ఏదైనా సరే, ఎదుటివాడు ఊహించని లెక్క అది. అందుకే ముందు సరిచేయాల్సింది పీఠం.

పనిలోకి దిగేముందు బొమ్మ దేనితో చేసిందో తెలుసుకోండి. ప్లాస్టిక్ తేలిగ్గా ఉంటుంది. చేతిలో బరువు తెలిస్తే లోహం. 1990ల నడిమి దాకా వచ్చిన లోహపు బొమ్మల్లో సీసం ఉంటుందనే అనుకోవాలి. వాటిని పొడిగా ఆకురాయితో రాయకండి. తడిపి, మెల్లగా గీకి, ఆ తడిపొడిని కాగితంతో తుడిచి పారేయండి. చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి. పిల్లలకు అందనివ్వకండి. బొమ్మ మీద బూడిదరంగు తెల్లపొడి కనిపిస్తే అది దుమ్ము కాదు, సీసాన్ని తినేస్తున్న తుప్పు. ఓక్ వంటి చెక్క బీరువాలు, అట్టపెట్టెలు వదిలే ఆమ్లపు ఆవిరి దానికి కారణం. అలాంటి బొమ్మను కడిగి, ఆరబెట్టి, వేరే పెట్టెలో ఉంచాలి.

తర్వాత పాత రంగు. ముందుగా తీయాలా వద్దా అని ఆలోచించండి. 1980లలో ఎవరో శ్రద్ధగా వేసిన రంగైతే వదిలేయమనే చెబుతాను. అది కూడా ఆ బొమ్మ చరిత్రలో భాగమే. మందంగా పూసి వివరాలన్నీ పూడ్చేసిన రంగైతే తీసేయాలి. ఇందుకు బ్రిటన్ ఆటగాళ్లు దశాబ్దాలుగా వాడుతున్న మందు మన ఇళ్లలోనూ ఉంది: డెట్టాల్. నీళ్లు కలపకుండా గాజుసీసాలో పోసి బొమ్మను ఒక రాత్రి ముంచి ఉంచితే యాక్రిలిక్ రంగు మెత్తబడుతుంది. ఇక్కడ ఒక కిటుకుంది. బయటికి తీయగానే నీళ్లలో పెట్టకూడదు. నీళ్లు తగిలితే ఊడిన రంగు జిగురై బొమ్మకే అతుక్కుంటుంది. గ్లవ్స్ వేసుకుని, పాత టూత్‌బ్రష్‌ను డెట్టాల్‌లోనే ముంచి రుద్ది, రంగంతా పోయాక గిన్నెలు తోమే ద్రవంతో కడగాలి. వాసన భరించలేనివాళ్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉంది. ఇంకా త్వరగా పనిచేస్తుంది కానీ మంటకు దూరంగా, కిటికీలు తెరిచి వాడాలి. నెయిల్‌పాలిష్ రిమూవర్ మాత్రం ప్లాస్టిక్ బొమ్మ దగ్గరికి తేవద్దు. అందులోని అసిటోన్ ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. రెసిన్ బొమ్మలను ఇలాంటి ద్రవాలు వేటిలోనైనా ఎక్కువసేపు నానబెట్టకండి.

ఇక అసలు పని. పాత లోహపు బొమ్మలకు పాదాల కింద సన్నని లోహపు పట్టీ ఉంటుంది. దాన్ని ట్యాబ్ అంటారు. పాత పీఠంలోని చీలికలో అది దిగి కూర్చుంటుంది. కొత్త 32 మిల్లీమీటర్ల పీఠాలకు చాలావరకు ఆ చీలిక ఉండదు కాబట్టి ట్యాబ్‌ను కట్టర్‌తో కత్తిరించేయడం చాలామంది చేసే పని. దయచేసి కత్తిరించకండి. మనకు ఎలాగూ ఎత్తు కావాలి, ట్యాబ్‌కు లోతు కావాలి. ఈ రెండు అవసరాలనూ కార్క్ షీటు ఒక్కటే తీరుస్తుంది. రెండు మిల్లీమీటర్ల షీటును చేత్తో తుంచి రెండు మూడు పొరలుగా కొత్త పీఠం మీద అతికించండి. కత్తితో కోస్తే అంచు తిన్నగా వస్తుంది, తుంచితే రాయిలా వస్తుంది. పొరలు ఆరాక బ్లేడుతో గాడి తీసి ట్యాబ్‌ను అందులోకి దించి సూపర్‌గ్లూ వేయండి. బొమ్మ నాలుగైదు మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, గట్టిగా నిలుస్తుంది, శిల్పంలో రవ్వంత కూడా పోదు. రేపు ఎవరైనా పాత పీఠానికి తిరిగి మార్చాలనుకున్నా మార్చవచ్చు.

ట్యాబ్ లేని ప్లాస్టిక్ బొమ్మకైతే చేతి డ్రిల్లుతో పాదం అడుగున మిల్లీమీటరు రంధ్రం చేసి, జెమ్ క్లిప్పు తీగ ముక్క ఒకటి దిగేసి, దాన్ని కార్క్‌లో గుచ్చాలి. పాత పీఠాన్ని అసలు కదపడం ఇష్టం లేకపోతే 25 నుంచి 32కు పెంచే ఉంగరాల్లాంటి అడాప్టర్లు అమ్ముతారు. పాత రంగుతో ఉంచేయాలనుకున్న బొమ్మలకు అవే మంచివి.

ఎత్తు విషయంలో ఆశకు పోకండి. కొత్తవాడితో సమానం చేయాలని పది పన్నెండు మిల్లీమీటర్ల రాయి మీద నిలబెడితే సైనికుడు విగ్రహంలా కనిపిస్తాడు. బీకీ కళ్లు కొత్తవాడి భుజం దరిదాపుల్లోకి వస్తే చాలు. పటాలంలో అందరికీ ఒకే ఎత్తూ ఇవ్వకండి. నాయకుడు కాస్త పైన, మోకాలు వంచినవాడు కాస్త కింద ఉంటే నేల సహజంగా అనిపిస్తుంది.

కార్క్ పక్కల్లో ఫెవికాల్ పూసి జల్లించిన ఇసుక చల్లండి. ఆరాక ప్రైమర్. తీరప్రాంతంలో, వానాకాలంలో ఉన్న తెలుగు పాఠకులకు ఒక మాట: గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే ప్రైమర్ కొడితే మసకబారి గరుకుగా తేలుతుంది. ఎండ కాసే రోజు కోసం ఆగండి, లేదా బ్రష్‌తో పూసే ప్రైమర్ వాడండి. ఏదైనా పలుచగా రెండుసార్లు వేయాలి.

రంగుల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, ఒక్క సంగతి తప్ప. పాతవీ కొత్తవీ ఒకే సైన్యంలా కనిపించాలంటే నేల ఒకేలా ఉండాలి. అదే ఇసుక, అదే మట్టిరంగు, అదే గడ్డి కుచ్చులు, పీఠం చుట్టంచుకు అదే రంగు. అలా చేస్తే చూసే కన్ను ముందు నేలను కలుపుకుంటుంది, ఎత్తులో తేడాను ఆ తర్వాతే గమనిస్తుంది. 1990ల పద్ధతిలో అంచుకు ఆకుపచ్చ వేసుకోవాలనిపిస్తే కొత్తవాటికీ అదే వేయండి.

బల్ల మీదికి వచ్చాక మిగిలేది చూపు రేఖ, అంటే ఏ బొమ్మకు ఏది కనిపిస్తుందన్న లెక్క. 2023లో వచ్చిన పదో ఎడిషన్ నియమాల్లో ఒక బొమ్మలో ఏ భాగం కనిపించినా దాన్ని చూసినట్టే లెక్క. పొట్టి బొమ్మ చిన్న గోడ వెనక పూర్తిగా దాక్కోగలదు, తన వంతులో గోడ అవతల ఏమీ చూడలేకపోవచ్చు కూడా. దీనికి మంచి పరిష్కారం వెంట ఒక ప్రైమారిస్ బొమ్మను తీసుకెళ్లడం. సందేహం వచ్చిన ప్రతిసారీ పాతవాడిని తీసి అదే చోట దాన్ని పెట్టి చూసుకోవచ్చు. ఆ మాట ఆట మొదలవకముందే ఎదుటివారికి చెప్పాలి, తుపాకులేవో కూడా చూపించాలి. పాత ప్లాస్మా గన్నును నేటి ఆటగాడు గుర్తుపట్టలేకపోవచ్చు.

అదే సంస్థ నుంచి 2024 జనవరిలో వచ్చిన ‘ది ఓల్డ్ వరల్డ్’ ఆటలో ఈ చిక్కు ఇంకా తేలిక. 20 మిల్లీమీటర్ల చదరపు పీఠాల మీదున్న పాత మానవ సైనికులకు అక్కడ 25 కావాలి, 25 మీదున్న ఓర్క్‌లకు 30. సైనికులు వరసల్లోనే కదులుతారు కాబట్టి మధ్యలో ఖాళీలు వదిలిన ట్రేలో పాత పీఠాలను అలాగే పేరిస్తే వరస కొలత సరిపోతుంది, ఒక్క బొమ్మనూ ఊడదీయనక్కర్లేదు.

స్నేహితులతో ఆడుకునేటప్పుడు ఇంతకన్నా ఏమీ అవసరం లేదు. టోర్నమెంట్‌కు వెళ్తుంటే మాత్రం, పాత బొమ్మను కొత్తదాని పక్కన నిలబెట్టి తీసిన ఫోటోను, పీఠం కొలతతో సహా, నిర్వాహకులకు ముందే పంపి అనుమతి తీసుకోండి.