పరీక్షా ఫలితములు – మన కర్తవ్యము



మార్కుల పట్టిక మూడు గంటలలో వ్రాసిన జవాబులకు కట్టిన లెక్కయే గాని, మనిషికి కట్టిన వెల కాదు. ఆ లెక్కయందును పొరపాట్లు దొర్లును. 2019 ఏప్రిల్‌లో వెలువడిన తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములలో ఒక విద్యార్థినికి తెలుగున సున్న వచ్చినది. జవాబు పత్రము మరల చూడగా 99 అని తేలినది. ఆ వేసవిలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసికొనిరి. పత్రమును మరల దిద్దవచ్చును; పోయిన ప్రాణము మరలి రాదు.

కావున ఫలితము తెలిసిన దినమున ఒంటరిగా నుండరాదు. ఇంటివారికి ఉన్నదున్నట్లు చెప్పవలెను. సందేహమున్నచో గడువులోపల పునఃపరిశీలనకు దరఖాస్తు చేయవలెను. తప్పిన సబ్జెక్టులకు సప్లిమెంటరీ పరీక్ష కలదు. బ్రతుకుపై విరక్తి కలిగినచో, 2022లో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరున రేయింబవళ్ళు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

తల్లిదండ్రులు ఆ దినమున పొరుగు పిల్లలతో పోల్చి దెప్పుట తగదు.

కళాశాల కమిటీవారికి ఒక మనవి: ఫలితములు తరచుగా వేసవి సెలవులలో వెలువడును. ఆ దినములలో ఒక అధ్యాపకుడు కళాశాలయందు ఉన్నచో, దరఖాస్తు విధానము తెలియని పేద విద్యార్థికి దారియు దొరకును, ధైర్యమును దొరకును.