పాత స్పోర్ట్స్ కారు – ఒక బెల్టు చెప్పిన పాఠం
(బి.ఎస్సీ. ఫైనలియర్ విద్యార్థి)

రైతు బిడ్డకు స్పోర్ట్స్ కారుతో పనేమిటని మిత్రులు నవ్వవచ్చు. పనిబట్టే రాస్తున్నాను.

అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా పెదనాన్నగారి అబ్బాయి మూడేళ్ల క్రితం ఒక పాత పోర్షే 944 కొన్నాడు. 1982 నుంచి 1991 వరకు తయారైన జర్మన్ కూపే అది. రెండే తలుపులు, కిందికి వాలిన కప్పు, పేరుకు మాత్రం వెనక సీటు. ధర ఎనిమిది వేల డాలర్లు. కొత్త మామూలు కారు ధరలో మూడో వంతు కూడా కాదు. "చవగ్గా వచ్చిందిరా తమ్ముడూ" అని ఫోన్లో మురిసిపోయాడు.

ఆ ఇంజను సంగతి కొంచెం చూద్దాం. నాలుగు సిలిండర్లు, 2,479 సి.సి. పిస్టన్ నడక 78.9 మిల్లీమీటర్లు. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ప్రతి పిస్టన్ సెకనుకు నూరుసార్లు పైకి వెళ్లి కిందికి వస్తుంది. సగటు వేగం సెకనుకు దాదాపు 16 మీటర్లు. ఇదే సమయంలో ప్రతి వాల్వు సెకనుకు యాభైసార్లు తెరుచుకుంటుంది. పిస్టన్ పైకి వచ్చేసరికి వాల్వు తప్పుకోవాలి. తప్పుకోకపోతే రెండూ ఢీకొంటాయి. ఈ ఇద్దరికీ తాళం వేసేది పళ్లున్న ఒక రబ్బరు బెల్టు! అది తెగినా, రెండు మూడు పళ్లు జారినా వాల్వులు వంగిపోతాయి.

పక్కనే ఇంకో బెల్టు. నాలుగు సిలిండర్ల ఇంజనులో పుట్టే అదురును అణచడానికి రెండు షాఫ్టులను అది ఇంజనుకు రెట్టింపు వేగంతో తిప్పుతుంది. అది తెగి మొదటి బెల్టులో పడినా అదే గతి. ముందువైపు సీళ్ల నుంచి కారే ఆయిలు రెంటినీ నానబెడుతుంది. అందుకే మెకానిక్కులు బెల్టులతోపాటు రోలర్లు, సీళ్లు, వాటర్ పంపు కూడా మార్చమంటారు. బిగువు ఎక్కువైతే పంపు బేరింగు పోతుంది, తక్కువైతే పళ్లు జారతాయి.

క్లచ్చి కథ వేరు. బరువు సమంగా పంచడం కోసం గేరుబాక్సును వెనక చక్రాల దగ్గర పెట్టారు. నడక బాగుంటుంది. కాని క్లచ్చి మార్చాలంటే సైలెన్సరు గొట్టం, గేరుబాక్సు, మధ్యనున్న పొడుగాటి ట్యూబు అన్నీ దించాలి. సామాను ఖర్చు కంటే కూలి బరువు.

అన్నయ్యను బెల్టులు మార్చమని మెకానిక్ అడిగాడు. సుమారు పద్నాలుగు వందల డాలర్లు. "కిందటిసారి మార్చాక పదివేల మైళ్లు కూడా తిరగలేదు, ఇప్పుడెందుకు?" అన్నాడు అన్నయ్య. ఏనుగును కొని అంకుశం దగ్గర వెనకాడినట్టు! ఆ పదివేల మైళ్లు తిరగడానికి పన్నెండేళ్లు పట్టిందన్న విషయం లెక్కలోకి రాలేదు. ఆరు నెలలకు బెల్టు తెగింది. హెడ్డు దించి వాల్వులు మార్చేసరికి నాలుగువేల డాలర్లు దాటింది.

రబ్బరు మైళ్లు లెక్కపెట్టదు. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి దాని గొలుసు అణువులను తెంపుతూ, బిగిస్తూ వుంటాయి. మా నూర్పిడి మిషను బెల్టు ఏడాదికి పదిహేను రోజులే పనిచేస్తుంది. మిగతా కాలమంతా చావిట్లో వేలాడుతుంది. అయినా నాలుగైదేళ్లకు పగుళ్లిస్తుంది. అన్నయ్యా ఆ చావిట్లో ఆడుకున్నవాడే. అమెరికా కారు దగ్గర ఆ బెల్టు గుర్తుకు రాలేదు.

పోయిన సంక్రాంతికి మా నాన్న ఒక పాత ట్రాక్టరు బేరం చేస్తున్నాడు. పదేళ్ల బండి, మీటరులో గంటలు చాలా తక్కువ. మిరప డబ్బంతా దానికే. ట్రాక్టరు ఇంజనులో ఆ పనికి బెల్టు వుండదు, పళ్లచక్రాలే. కాని టైర్లు, గొట్టాలు, సీళ్లు రబ్బరే కదా! అన్నయ్య కథ చెప్పి, "గంటలు కాదు నాన్నా, ఏళ్లు అడుగు. డబ్బంతా బండికే పెట్టకు, నాలుగో వంతు రిపేర్లకు అట్టేపెట్టు" అన్నాను. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు బేరానికి వెళ్లి, మీటరు చూడకుండా టైర్ల పక్కన వంగి వేలితో పగుళ్లు తడిమి చూశాడు. వాటి పేరు చెప్పి ధర తగ్గించాడు. మిగిలిన డబ్బు ఖర్చు కాకముందే హైడ్రాలిక్ సీళ్లు కారటం మొదలుపెట్టాయి.

కనుక మిత్రులారా, పాత యంత్రానికి రెండు ధరలుంటాయి. ఒకటి అమ్మేవాడు చెబుతాడు. రెండోది మనమే లెక్క కట్టుకోవాలి.