ఇంటి బడికి సెలవు లేదు

పాఠ్యభాగము: ద్వితీయోపదేశకాండము 6:4-9, నిర్గమకాండము 2:1-10, 2 తిమోతి 1:5, 3:14, 15



పరీక్షలు ముగియుచున్నవి. ఏప్రిల్ నెలాఖరులో మన గ్రామములలోని బడులు తలుపులు మూసి, మరల జూన్ రెండవ వారమునగాని తెరువవు. రమారమి 7 వారములు మన పిల్లలు ఇంటనే యుందురు. ఈ దినములలో వారికి ఉపాధ్యాయులెవరు?

బడి మూయగానే పలకను గూటిలో పెట్టించుట మనకు వాడుక. ఒకటి రెండు తరగతుల పిల్లలు అప్పుడే గుణింతములు దాటి ఒత్తులు నేర్చుకొనుచుందురు. వేసవియంతయు అక్షరము ముట్టని బిడ్డ జూన్‌లో పుస్తకము తెరచి, చదువలేక, తోటివారి యెదుట తల వంచుకొని నిలుచును. సిగ్గుపడిన బిడ్డ మరునాడు బడికి పోనని ఏడ్చును. పొలములో సహాయము కావలసిన తండ్రి సరే యనును. ఇట్లు చదువు ఆగిపోయిన పిల్లలు మన సంఘములలోను కలరు. నేడు వాక్యము చదువలేని బిడ్డ రేపు తన పిల్లలకు ఎట్లు చదివి వినిపించును?

దేవుడు తన మాటలను పిల్లలకు నేర్పుమని ఆజ్ఞాపించినప్పుడు ఆ పనిని యాజకులకు మాత్రమే అప్పగించలేదు. ఇంటిలోను దారిలోను, రాత్రి పడకయొద్దను, ప్రొద్దున మేలుకొనగానే నేర్పుమని తల్లిదండ్రులకే చెప్పెను. అయితే ఆరవ వచనము ఏడవ వచనమునకు ముందున్నదని గమనింతము. ఆ మాటలు మొదట పెద్దల హృదయములో ఉండవలెను. తరువాతనే పిల్లలకు అందవలెను.

ఏడు వారములు బహు కొద్ది కాలము గదా యని కొందరనవచ్చును. మోషే తల్లి సంగతి తలంచుడి. ఆమె దాస్యములోనున్న జనాంగపు స్త్రీ. తన బిడ్డనే జీతమునకు పెంచి, పెద్దవాడైన పిమ్మట ఫరో కుమార్తెకు అప్పగించవలసివచ్చెను. తరువాత మోషే ఐగుప్తీయుల సకల విద్యలను నేర్చెను (అపొ. కా. 7:22). అయినను అతడు తన ప్రజలను మరువలేదు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. అవ్వ లోయి, తల్లి యునీకే కలిగియున్న విశ్వాసము ఆ బిడ్డలోను వేరూనెను. పసితనము నుండి నేర్చిన లేఖనములు అతనికి జీవితాంతము ఆధారమాయెను.

ఇంగ్లండు దేశములో ఎప్‌వర్త్ అను ఊర పాదిరిగారి భార్యయైన సూసన్నా వెస్లీయమ్మగారు 19 మంది పిల్లలను కని, అనేకులను పసితనముననే పోగొట్టుకొనెను. మిగిలిన వారికి ఆమె యింటనే చదువు చెప్పెను. బిడ్డకు 5 ఏండ్లు నిండగానే అక్షరములు నేర్పి, వెంటనే ఆదికాండము మొదటి అధ్యాయమును చదివించెడిది. ఒక్కొక్క బిడ్డతో ఒంటరిగా మాటలాడుటకు వారములో ఒక్కొక్క సాయంకాలము ప్రత్యేకించెను. గురువారము జాన్‌ది, శనివారము చార్లెసుది. ఆ యిద్దరు కుమారులను దేవుడు మెతడిస్టు ఉజ్జీవములో ఎట్లు వాడుకొనెనో మనమెరుగుదుము. ఆమెకు ధనము లేదు, తీరిక లేదు. నియమము మాత్రము ఉండెను.

"మాకు చదువు రాదే, మేమేమి నేర్పగలము?" అని అడుగు తల్లులు కలరు. అమ్మా, చదువు రానివారు వినగలరు. దీపము పెట్టిన పిమ్మట బిడ్డను చాపమీద కూర్చుండబెట్టి, మార్కు సువార్తలో రెండు వచనములు చదివించుకొనుడి. తడబడినచోట అన్ననో అక్కనో సరిదిద్దుదురు. తన చదువు ఇంట అక్కరకు వచ్చుచున్నదని తెలిసిన బిడ్డ దానిని విడువడు. దినమునకు అరగంట చాలును.

లెక్కలకు చింతపిక్కలు చాలును. 100 పిక్కలు లెక్కించి కుప్ప పోయించి, బిడ్డ చూడకుండ ఒకటి దాచుడి. మరల లెక్కించి ఎన్ని తగ్గెనో చెప్పమనుడి. అప్పుడు తప్పిపోయిన గొఱ్ఱె కథ చెప్పుడి (లూకా 15). ఒక్కటి పోయినను కాపరికి తెలియునని ఆ బిడ్డ మరువడు.

23వ కీర్తనకు 6 వచనములు. వారమునకు ఒకటి కంఠతపెట్టించినయెడల 6 వారములలో ముగియును. ఏడవ ఆదివారము పిల్లలు సంఘము ఎదుట కీర్తనయంతయు అప్పగింతురు గాక.

ఒక హెచ్చరిక. ఇంటి బడిని బెత్తపు బడిగా చేయకుడి. పిల్లలకు కోపము రేపవద్దని వాక్యము తండ్రులను హెచ్చరించుచున్నది (ఎఫెసీ. 6:4). మామిడితోపు, చెరువుగట్టు, అమ్మమ్మగారి ఊరు కూడ వేసవిలో దేవుడిచ్చిన దీవెనలే. అయితే బిడ్డ అల్లరి మానుటకు చేతికి సెల్‌ఫోను ఇచ్చి ఊరకుండుట నేర్పుట కాదు. మనము కూడ అలసిన సాయంకాలములలో అట్లు చేసినవారమే. దేవుడు మనలను క్షమించి సరిచేయును గాక.

జూన్‌లో బడి తెరచిన దినమున మన బిడ్డను చేయిపట్టి మనమే తీసికొనిపోదము. తల యెత్తి గడప దాటు బిడ్డను చూచి ప్రభువును స్తుతింతము.

ఇంట ఆలోచించుకొనుటకు:
1. మన యింట ఈ వేసవిలో ఏ అరగంటను ప్రత్యేకింతము?
2. మన వీధిలో చదివించువారు లేని బిడ్డ ఎవరు? ఆ బిడ్డను కూడ మన చాపమీద కూర్చుండబెట్టుకొందమా?