పచ్చికబయలి పాఠశాల

సంగీతాభ్యాసమనగానే గురువుగారి యెదుట చాపపై కూర్చుండి సరళీవరుసలు సాధించుట మనకు జ్ఞప్తికి వచ్చును. సముద్రముల కావల, అమెరికా దేశమున, ఒకవిధమైన సంగీతమును పిల్లలు చెట్లనీడలను, గుడారముల నడుమ, తిరునాళ్ళ సందడిలో నేర్చుకొనుచున్నారు. ఆ సంగీతమునకు బ్లూగ్రాస్ అని పేరు. ‘నీలిపచ్చిక’ యని ఆ మాటకర్థము. కెంటకీ రాష్ట్రమును నీలిపచ్చిక సీమ యని పిలుతురు. సంగీతమునకును ఆ పేరు అక్కడినుండియే సంక్రమించినది.

ఈ సంగీతమునకు ఆద్యుడు బిల్ మన్రో. ఆయన 1911వ సంవత్సరమున కెంటకీలోని రోజీన్ గ్రామమున జన్మించెను. ఇంటిలో కడగొట్టు బిడ్డ. అన్నలు ఫిడేలును, గిటారును ముందే చేపట్టుటచే అతనికి మాండలిన్ మిగిలినది. మాండలిన్‌కు ఎనిమిది తీగలుండును. చిన్నవాడు పెద్దచప్పుడు చేయునేమో యని నాలుగు తీగలు తీసివేయించి, మిగిలిన నాలుగింటి మీదనే వాయింపనిచ్చిరట!

పదియేండ్ల ప్రాయమున తల్లియు, పదునాఱవ యేట తండ్రియు గతించిరి. అప్పుడు పెన్ అను మేనమామ అతనిని చేరదీసెను. ఆయన చుట్టుపట్ల జరుగు నృత్యములకు ఫిడేలు వాయించువాడు. మేనల్లుడు గిటారుతో తోడు వాయించుచు ఆయన వెంట తిరిగెను. ఆర్నాల్డ్ షుల్జ్ అను నల్లజాతి కళాకారుని వాద్యమును గూడ విని, అందలి సొగసును గ్రహించెను. పుస్తకము లేదు, స్వరలిపి లేదు. వినుటయే చదువు, తోడు వాయించుటయే అభ్యాసము.

1939లో మన్రో, నాష్‌విల్ నగరమునుండి ప్రసారమగు గ్రాండ్ ఓల్ ఆప్రీ అను రేడియో కార్యక్రమమున చేరి పేరు గాంచెను. 1945లో ఎర్ల్ స్క్రగ్స్ అను యువకుడు మూడువ్రేళ్ళతో బాంజోను మీటుచు వచ్చి ఆ బృందమున చేరెను. దానితో ఆ సంగీతమునకు నిండుదనము వచ్చినది. ఆ బాంజో, ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడిన ప్రజల వాద్యములనుండి పుట్టినదని మఱువరాదు.

అయితే, ప్రతి యింటను ఒక పెన్ మామ ఉండునా? జనులు పల్లెలు విడిచి పట్టణములు చేరిన పిమ్మట పిల్లలకు నేర్పువారెవరు? ఈ ప్రశ్నకు తిరునాళ్ళే కొంత సమాధానమైనవి. 1965లో వర్జీనియా రాష్ట్రమున, ఫిన్‌కాసిల్ చెంత, ఒక గుఱ్ఱముల క్షేత్రమున కార్ల్‌టన్ హేనీ అనునాతడు కొన్ని దినములపాటు సాగిన బ్లూగ్రాస్ ఉత్సవమును జరిపించెను. 1967లో మన్రోయే ఇండియానా రాష్ట్రములోని బీన్ బ్లాసమ్ నందు ఉత్సవము నెలకొల్పెను. జనులు కుటుంబములతో వచ్చి, గుడారములు వేసికొని, కచేరీలు విని, పిమ్మట తామును వలయములుగా కూడి వాయింపసాగిరి. నేడు కొన్ని ఉత్సవములలో పిల్లలకు ప్రత్యేకముగా తరగతులు నడుపుచున్నారు. న్యూయార్క్ రాష్ట్రమున జరుగు గ్రే ఫాక్స్ ఉత్సవమందలి పిల్లల అకాడమీ అట్టిదే.

అచ్చట బోధన యెట్లుండును? మొదట తీగలను శ్రుతి చేసికొనవలెను. తరువాత గురువు పాటలో ఒక చిన్న భాగమును మెల్లగా వాయించును. పిల్లలు విని దానిని తిరిగి పలికింతురు. అనేకములైన పాటలకు మూడే స్వరసముదాయములు ఆధారము. ఎప్పుడు ఏది రావలెనో తెలియని పిల్లవాడు గిటారు వాయించువాని యెడమచేతిని చూచి తెలిసికొనును.

ఈ సంగీతమున సాధారణముగా మద్దెలవంటి వాద్యముండదు. నిలువెత్తు బాస్ వాద్యము తాళమునకు దెబ్బ వేయును. రెండు దెబ్బల నడుమ మాండలిన్ ‘టక్కు’మని పలుకును. ఒక్కడు తొందరపడెనా, అందరి పాటయు చెడును. కావున వేగముకంటె ముందు లయ నేర్పుదురు.

లయ కుదిరిన పిమ్మట వంతు నేర్పుదురు. పాట వలయము చుట్టును తిరుగుచుండును. వంతు వచ్చినవాడు ముఖ్యవాద్యము వాయించును. తక్కినవారు ధ్వని తగ్గించి పక్కవాద్యమగుదురు. గాయకుడు పాడునపుడు అందరును తగ్గుదురు. ధైర్యము చాలని పిల్లవాడు తల యడ్డముగా ఊపిన చాలును, వంతు ప్రక్కవానికి పోవును. తప్పు వచ్చినను ఆగిపోరాదు. తాళము విడువక, దారి దొరికినచోట మరల కలియవలెను.

పెద్దలు పిల్లలకు చోటిచ్చుట యెట్టిదో ఒక్క సంఘటన చెప్పును. 1960లో మన్రో బృందము కెంటకీలోని మార్తా అను చిన్న యూరికి కచేరికి వచ్చెను. రికీ స్కాగ్స్ అను ఆఱేండ్ల బాలునిచేత వాయింపింపుడని ఊరివారు కేకలు వేసిరి. మన్రో ఆ బాలుని వేదికపైకి పిలిచి, తన మాండలిన్‌నే తీసి, దాని పట్టీని పొట్టిగా సవరించి, అతని మెడలో వేసెను. బాలుడు జంకక వాయించెను. పెద్దవాడై అతడును ప్రసిద్ధ కళాకారుడయ్యెను. బాల్యమున నాలుగు తీగలకు మాత్రమే నోచుకొన్నవాడు, ఎనిమిది తీగల తన వాద్యమునే మఱియొక పసివాని కిచ్చెను!

మాండలిన్ మనకును క్రొత్తది కాదు. 1969లో పాలకొల్లున జన్మించిన యు. శ్రీనివాస్ బాల్యముననే తండ్రి మాండలిన్‌ను చేతబట్టి, దానిపై కర్ణాటకసంగీతమును పలికించి లోకప్రఖ్యాతుడయ్యెను.

బాలబాలికలారా! విద్య నిలుచుటకు ఇరువురు కావలెను: తన వంతు వచ్చువరకు ఓర్పుతో వినువాడొకడు, తన వంతును మఱియొకని కిచ్చువాడొకడు. నేడు మీరు మొదటివారు. రేపు మీరే రెండవవారు కావలెను.

ప్రశ్నలు

1. బిల్ మన్రోకు మాండలిన్ యెట్లు లభించినది?
2. వలయమున కూర్చున్న పిల్లవాడు పాటింపవలసిన నియమములెవ్వి?
3. మార్తా గ్రామమున జరిగిన సంఘటనను మీ మాటలలో వ్రాయుడు.