కుక్క ఒంటి మీద గడ్డ కనిపిస్తే: డల్లాస్‌కు కొత్తగా వచ్చినవాళ్లకు

డల్లాస్ చుట్టుపక్కల దిగుతున్న మనవాళ్లు ఏడాది తిరక్కుండానే కుక్కనో పిల్లినో తెచ్చుకుంటున్నారు. మంచిదే, ఇంటికి సందడి. కానీ దాని ఒంటి మీద గడ్డ లేచినప్పుడు మాత్రం నేను చేసిన తప్పే అందరూ చేస్తున్నారు. మొన్న పార్కులో ఒకాయన తన లాబ్రడార్ పక్కటెముకల మీది గడ్డను నొక్కి, "కొవ్వేలెండి, మెత్తగానే ఉంది" అన్నాడు. అందుకే రాస్తున్నాను.

తేలికవి ముందు. రేబిస్ టీకా తప్పనిసరి, కాగితం దాచుకోండి. షికారుకు తీసుకెళ్తే మలం ఎత్తే సంచీ వెంట ఉండాలి. ఇండియా నుంచి కుక్కను తెచ్చుకునేవాళ్లకు 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు బిగిశాయి: ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, అక్కడి టీకా పనిచేసిందని రక్తపరీక్షలో తేలాలి, లేదంటే 28 రోజులు క్వారంటైన్. అన్ని విమానాశ్రయాల్లోనూ దింపనివ్వరు.

ఇక గడ్డ సంగతి.

మా కుక్క చిట్టికి తొడ మీద రేగుపండంత గడ్డ వచ్చింది. డాక్టరు కోసి తీసేశారు. "ల్యాబ్‌కు పంపమంటారా, ఖర్చు వేరే" అని కౌంటర్లో అడిగారు. గడ్డ పోయింది కదా, ఇంకా పరీక్ష దేనికని వద్దన్నాను. కొన్ని నెలలకు ఆ మచ్చ పక్కనే మళ్లీ లేచింది. ఈసారి పంపితే మాస్ట్ సెల్ ట్యూమర్, అంటే ఒకరకం చర్మ క్యాన్సర్ అని వచ్చింది. మొదటిదీ అదేనా, అప్పుడు అంచుల్లో ఏమైనా మిగిలిందా అంటే చెప్పగలిగేవాళ్లు లేరు. ఆ ముక్క చెత్తలో కలిసిపోయింది. ఇలాంటిదానికి చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల మంచి చర్మం, అడుగున ఒక పొర కూడా తీయాలి. తొడ మీద అంత చర్మం ఎక్కడిది? కుట్లు బిగదీసి, చిట్టి కాలు కింద ఆనించలేక రాత్రంతా మూలిగింది. అప్పుడు ఇన్సూరెన్స్ కోసం పరిగెత్తితే, ముందే ఉన్న జబ్బుకు వర్తించదన్నారు. ఒంట్లో ఏమీ లేనప్పుడే ఇన్సూరెన్స్ తీసుకోండి.

ఫోను అద్దం పగిలితే మారుమాట్లాడకుండా డబ్బు కడతారే, ఈ ఒక్క పరీక్ష దగ్గరే పొదుపు గుర్తొస్తుందా? ల్యాబ్‌కు పంపండి. తీసిన ప్రతి గడ్డనూ పంపండి. చేత్తో నొక్కి అది కొవ్వో కాదో చెప్పడం డాక్టరు వల్ల కూడా కాదు, మాస్ట్ సెల్ గడ్డ అచ్చం కొవ్వుగడ్డలాగే తగులుతుంది. పైగా నొక్కితే అందులోని హిస్టమిన్ బయటపడి వాస్తుంది. కోయక ముందే సన్నసూదితో కణాలు తీసి చూడమని అడగండి. చాలావాటికి మత్తు కూడా అక్కర్లేదు. కొవ్వుగడ్డే అని తేలితే చాలాసార్లు కోయాల్సిన పనే ఉండదు.

ఆడకుక్కకు ఒక్క కాన్పయినా కావాలని, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వాయిదా వేసేవాళ్లకు ఒక మాట. ఆ ఆపరేషన్ చేయించని ఆడకుక్కల్లో ఎక్కువగా వచ్చేవి రొమ్ము గడ్డలు, వాటిలో దాదాపు సగం క్యాన్సరే. పిల్లుల్లో అయితే ఎక్కువ భాగం క్యాన్సరే. అలాంటి గడ్డకు కత్తి పెట్టేముందు ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీయించండి.

ఆపరేషన్ ముందు రాత్రి ఆకలిగా చూస్తోందని పెరుగన్నం పెట్టకండి, మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నొప్పికి మన ఐబుప్రొఫెన్ వేయకండి. పిల్లికి పారాసెటమాల్ ఒక్క మాత్ర ప్రాణం తీస్తుంది.

మా ఊరు మైపాడులో ఇవేవీ లేవు. పడవల నీడన పడుకునే కుక్కలకు వల దులిపినప్పుడు రాలిన చేపలే తిండి. కంతి లేస్తే అమ్మ వేపాకు, పసుపు నూరి పూసేది. కొన్నాళ్లకు ఆ కుక్క కనిపించేది కాదు, మేమూ అడిగేవాళ్లం కాదు. ఇప్పుడు ఆ ఒక్కొక్కటీ గుర్తొస్తుంది. ఉన్నవాళ్లు మాత్రం పెంపుడు కుక్కను తీసుకుని నెల్లూరు నుంచి మద్రాసు వేపేరికి పోయేవాళ్లు, 1903 నాటి పశువైద్య కళాశాల ఉన్నది అక్కడే.

ఇంటి దగ్గర అమ్మానాన్నలు అన్నం పెట్టే వీధికుక్కకు మర్మాంగం దగ్గర నెత్తురు కారే గడ్డ కనిపిస్తే ఫోన్లో చెప్పండి: అది చాలామటుకు జతకట్టినప్పుడు అంటుకునే ట్యూమర్, దానికి సాధారణంగా కత్తితో పని లేదు. పశువుల డాక్టరు వారానికొకసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తే కొన్ని వారాల్లో చాలావరకు కరిగిపోతుంది. నెల్లూరు వైపువాళ్లకు మద్రాసు కన్నా తిరుపతి పశువైద్య కళాశాల దగ్గర. బండి ఖర్చు మీరు పంపండి.